గుండ్రంగా సంతకాలు పెట్టిన కాగితం

ఆ సోమవారం మా మేనేజర్ నన్ను చిన్న మీటింగ్ గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఆవిడ ఎప్పుడూ తలుపు వేసే మనిషి కాదు.

మలేషియా పక్కనున్న ఈ దీవి దేశంలో, రాఫెల్స్ ప్లేస్‌లో మా బ్యాంకు ఆఫీసు ఇరవై రెండో అంతస్తులో ఉండేది. ఓడల్లో సరుకు పంపే వ్యాపారులు బ్యాంకుకి ఇచ్చే కాగితాలు సరిచూడడం మా పని. ఇన్వాయిస్, ఓడ కంపెనీ ఇచ్చిన రశీదు, బీమా పత్రం, అన్నిట్లో పేర్లూ తేదీలూ బరువులూ ఒకటేనా కాదా అని కంటితో చదివి చెప్పాలి. రేవు పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా పట్టుకోవాలి. నాతో కలిపి ఎనిమిది మందిమి. ఆ ఎనిమిది మందికీ నేనే సూపర్‌వైజర్‌ని.

మేనేజర్ మెల్లగానే చెప్పింది. కొత్త ప్రోగ్రాం వస్తోందట. మేము చేసే పనిలో ప్రతి మెట్టూ నేను రాసి ఇవ్వాలట. ఏ కాగితం ముందు చూస్తాం, ఏది చూస్తే అనుమానం వస్తుంది, ఎందుకు వస్తుంది, అన్నీ. పన్నెండు వారాల్లో అది నేర్చేసుకుంటుందట.

"ఆ తర్వాత?" అన్నాను.

"ముగ్గురు చాలు. ఆ ముగ్గురూ ఎవరో నీకంటే బాగా ఎవరికి తెలుసు? నెలాఖరుకి పేర్లు ఇవ్వు. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

"ముగ్గురిలో నేనున్నానా?"

"అది పైవాళ్లు చూసుకుంటారు," అని ఆవిడ తన పెన్ను మూత పెట్టింది.

గాజు గోడ అవతల ఏడుగురూ తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. వాళ్ల మధ్యలోంచి నడిచి నా కుర్చీ దగ్గరకి వెళ్లడానికి ఇరవై అడుగులు ఉంటాయేమో. ఆ ఇరవై అడుగులూ ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

మేముండేది హౌగాంగ్‌లో, తొమ్మిదో అంతస్తు అద్దె ఫ్లాట్. మా ఆయన సైన్స్ పార్క్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేసేవారు, ఏడాదికి ఒకసారి కాంట్రాక్టు పొడిగిస్తూ. ఇక్కడ పనిచెయ్యడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతిని పాస్ అంటారు, ఆయన పాస్ మీద కుటుంబాన్ని ఉంచుకునే వీలు లేదు. మా అమ్మాయి ఈ దేశంలో ఉండే అనుమతి నా పాస్‌ని పట్టుకుని వేలాడుతోంది. నా ఉద్యోగం పోతే నా పాస్ పోతుంది, దానితో పాటే అమ్మాయిదీ. తర్వాత ముప్పై రోజులు గడువు. దాని ఆఖరి పరీక్షలు ఇంకా ఏడు నెలల దూరంలో ఉన్నాయి. పన్నెండు వారాలంటే మూడు నెలలు. ఆ రోజు నుంచి ఏడులోంచి మూడు తీసెయ్యడమే నా బుర్రకి పనైపోయింది. గిన్నెలు తోముతున్నా, లిఫ్ట్ కోసం నిలబడ్డా అదే లెక్క.

మా ఆయనతో చెప్పాను. "పేర్లిచ్చెయ్. మనం ఇక్కడ గొడవలు పెట్టుకోడానికి రాలేదు. పిల్లకి మాత్రం చెప్పకు," అన్నారు.

పిల్లకి చెప్పలేదు. కానీ దాని చదువు నన్ను వదల్లేదు.

అది చదివే ఇంటర్నేషనల్ స్కూల్లో చరిత్ర పేపర్ అంతా బ్రిటన్ మీదే. ఆ ఏడు ఒక పెద్ద వ్యాసం రాయాలి: మిల్లులు మొదలైన రోజుల నుంచి ఈనాటి దాకా అక్కడి పనివాళ్లు తమకి కావలసింది ఎలా అడిగారు అని. నాకు తప్పులు పట్టే కన్ను ఉంది కాబట్టి రాసిన పేజీలు రాసినట్టు నా చేతిలో పెట్టేది.

"అమ్మా, స్పెల్లింగ్ ఒక్కటే చూడు, ఓకే? కంటెంట్ టచ్ చెయ్యొద్దు లా." ఈ ఊరి పిల్లలందరిలాగే మాట చివర ఆ 'లా' తగిలించేది.

పొద్దున్నే రైల్లో ఆ పేజీలు చదివేదాన్ని. మొదటి పేజీల్లోనే ఉన్ని బట్ట కత్తిరించేవాళ్ల గురించి ఉంది. నేసిన ఉన్ని బట్ట మీద లేచిన నూగుని పెద్ద ఇనప కత్తెరలతో సమంగా కత్తిరించడం వాళ్ల పని. ఆ కత్తెర బరువుకి మణికట్టు మీద కాయ కాసేదట. ఆ కాయ చూసి ఫలానా పనివాడని గుర్తుపట్టేవారట. తర్వాత, చక్రం తిప్పితే కత్తెర తనంతట తనే కదిలే యంత్రం వచ్చింది. వాళ్లు సమ్మెటలు పట్టుకుని వెళ్లి ఆ యంత్రాల్ని పగలగొట్టారు. పగలగొట్టినవాళ్లకి ఉరి వెయ్యొచ్చని పార్లమెంటు చట్టం చేసింది.

నేను కళ్లజోడు తీసి, ముక్కు మీద పడ్డ రెండు గుంటలూ తడిమి చూసుకున్నాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

సాయంత్రం కూరగాయలు తరుగుతూ, "ఆ యంత్రాలు పగలగొట్టినవాళ్లు మూర్ఖులా?" అని అడిగాను.

"అందరూ అలాగే అనుకుంటారు. బట్ దే వర్ నాట్ స్టుపిడ్, అమ్మా. ముందు వాళ్లు లెటర్స్ రాశారు, పార్లమెంటుకి వెళ్లారు, లాయర్‌ని పెట్టుకున్నారు. ఎవ్వరూ వినలేదు. మెషీన్ అంటే భయం కాదు, మాకు చెప్పకుండా ఎందుకు అని." అని నా చేతిలోంచి ఒక క్యారట్ ముక్క లాక్కుంది. "ఎందుకు అడిగావు?"

"ఊరికే."

ఆఫీసులో నేను మెట్లు రాస్తూనే ఉన్నాను. రాస్తున్నకొద్దీ నాకు తెలిసినదంతా నాది కాదని అర్థమైంది. సగం పైన మా టీమ్‌లో ఒక పెద్దాయన నేర్పినదే. హైదరాబాద్ మలక్‌పేట నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటిన మనిషి. అందరికీ ఆయన భాయ్. పాత తేదీ వేసి కొత్తగా కొట్టిన ముద్రని ఎలా పట్టుకోవాలో, తూకం అంకె చివర అన్నీ సున్నాలే ఉంటే ఎందుకు ఆగాలో, చేరిన మొదటి నెలలో నా పక్కన కూర్చుని ఆయనే చూపించాడు. ఇప్పుడు నేను ఆయన విద్యని వాక్యాలుగా విడగొట్టి, నెంబర్లు వేసి, ఆయనకి తెలియకుండా అప్పగిస్తున్నాను. ఆయన టీ కప్పుతో నా బల్ల పక్క నుంచి వెళ్తే స్క్రీన్ మార్చేసేదాన్ని.

ఆయనకి తెలియదనుకోవడం నా అమాయకత్వం. ఒక మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో తిండి దుకాణాల మధ్య, ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి నా కోసం బల్ల ఆపి ఉంచాడు. నేను కూర్చున్నాక నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"పరేషాన్ ఉన్నవు బెహెన్. రెండు వారాల సంది చూస్తున్న. తిండి సుత సక్కగ తింటలేవు."

నేను పళ్లెం పక్కకి జరిపాను.

"ప్రోగ్రాం సంగతి మాకు ఎర్కే. కింది ఫ్లోర్‌ల ఆల్రెడీ పెట్టిన్రు. ఐదుగుర్ని మెయిల్ మీదనే పంపిచ్చిన్రు. పొద్దుగాల కార్డు కొడితే తలుపు తెర్సుకోలే, అట్ల తెల్సింది వాళ్లకు."

అప్పుడు చెప్పేశాను. మెట్లు రాయడం, ముగ్గురి పేర్లు, నెలాఖరు, అన్నీ. ఆయన చెంచా పక్కన పెట్టి విన్నాడు. కోపం తెచ్చుకుంటే బాగుండుననిపించింది. తెచ్చుకోలేదు.

"మేం ఒక లెటర్ రాద్దామనుకుంటున్నం," అన్నాడు. "కొట్లాట కాదు. కొంచెం టైం ఇయ్యున్రి, ఇంకో పని నేర్పియ్యున్రి, ఏదైనా ముఖం మీద చెప్పున్రి. గంతే. కానీ మొదటి సంతకం ఎవరు పెట్టాలె? అందరివి పాసులే. నాకొక్కనికే పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది. నేనే పెడతా."

"వద్దు భాయ్," అన్నాను.

ఎందుకు వద్దో ఆయనకి చెప్పాను. అంతవరకు ఆఫీసులో ఎవరికీ చెప్పని సంగతి అది.

మాది విశాఖపట్నం వైపు. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. అక్కడి పాత యంత్రాల మీద ఇనప పలకల్లో స్కాట్లండ్‌లోని డండీ ఊరి పేరు పోతపోసి ఉండేది. చిన్నప్పుడు అది యంత్రం పేరనుకునేదాన్ని. మా అమ్మాయి వ్యాసంలో మళ్లీ ఆ పేరు చూశాకే తెలిసింది, బెంగాల్ నార ఓడల్లో వెళ్లి చేరిన ఊరు అదేనని, అక్కడి మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్లేనని, యంత్రాల మోతకి చెవులు పోయి వాళ్లు సైగలతో మాట్లాడుకునేవారని. మా నాన్న కూడా ఇంట్లో సగం సైగలతోనే మాట్లాడేవాడు.

మిల్లులో నార దుమ్ము పీల్చి అందరికీ దగ్గు. తాగడానికి మంచినీళ్ల కుళాయి కూడా లేదు. కుళాయి వెయ్యమని ఒక కాగితం రాశారు. నాన్న చేతిరాత బాగుంటుందని ఆయన చేతే రాయించారు. రాసినవాడు కాబట్టి మొదట ఆయనే సంతకం పెట్టాడు. కింద నలభై మంది పెట్టారు, కొందరు వేలిముద్రలు. నెల తిరిగేసరికి కుళాయి వేశారు. నాన్నని తీసేశారు. మిగిలినవాళ్లెవరినీ ఏమీ అనలేదు.

అమ్మ చాలా ఏళ్లు ఆ మాట ఎత్తి ఏడిచేది. నాన్న మాత్రం ఒకటే అనేవాడు. "ఎవులో ఒకలు మొదలెట్టాల గదేటి." తర్వాత ఆయన కిరోసిన్ డిపోలో డబ్బాలు మోశాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన చేతుల కిరోసిన్ వాసన నాకు గుర్తు.

భాయ్ అంతా విని, "అయితే ఎట్ల మరి?" అన్నాడు.

ఆ శనివారం మా అమ్మాయి బల్ల నిండా పేజీలు పరుచుకుని కూర్చుంది. వ్యాసం మధ్యకి వచ్చింది. కూలి తగ్గించొద్దని సంఘం పెట్టుకుని ప్రమాణం చేసినందుకు ఆరుగురు పొలం కూలీలని ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపేశారని ఒక పేజీలో ఉంది. ఓటు కావాలని లక్షల సంతకాలతో పిటిషన్లు మోసుకెళ్తే పార్లమెంటు మూడుసార్లు తోసేసిందని ఇంకో పేజీలో.

నేను వీలైనంత మామూలుగా అడిగాను. "మరి వాళ్లు సంతకాలు పెట్టేటప్పుడు, మొదట పెట్టినవాడిని పట్టుకుంటారని భయపడేవాళ్లు కాదా?"

"భయపడేవాళ్లు. అందుకే రౌండ్ రాబిన్ అని ఉండేది."

"అంటే?"

అది లేచి వంటింట్లోంచి సాసర్ తెచ్చి కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీసింది. "మధ్యలో లెటర్ రాస్తారు. చుట్టూ సూర్యుడి కిరణాల్లాగా సంతకాలు. ముందు ఓడల్లో పనిచేసేవాళ్లు మొదలుపెట్టారు. కెప్టెన్‌కి కంప్లయింట్ ఇస్తే ఫస్ట్ నేమ్ ఎవరిదో వాడికి ఉరి కదా. సర్కిల్‌లో ఫస్ట్ ఎవరో తెలీదు." పెన్సిలుతో నాలుగు కిరణాలు గీసి ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది.

"అమ్మా. ఇది నా ఎస్సే కోసం కాదు కదా."

అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. రాలేదు. దానికీ చెప్పేశాను. పాస్ సంగతి, ఏడు నెలల సంగతి. చెబుతున్నంతసేపూ సాసర్‌ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

"సో, నేను ఎగ్జామ్స్ రాయలేకపోవచ్చు," అంది చివరికి.

"రాయలేకపోవచ్చు."

"నాకు ముందే చెప్పాల్సింది. నేను చిన్నపిల్లనా?" కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ గొంతు గట్టిగానే ఉంది. "నువ్వు సైన్ చేస్తావా?"

"నేను సూపర్‌వైజర్‌ని. నాకు ఆ గుండ్రంలో చోటుందో లేదో."

అది సాసర్ తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట మళ్లీ నాతో మాట్లాడలేదు. మా ఆయనతో కూడా మాట్లాడలేదు. ఆయనకి విషయం అర్థమై, "చెప్పొద్దన్నాను కదా," అని నా మీద విసుక్కున్నారు. నేను తీగ మీద బట్టలు ఆరేసి, ఆరని బట్టలనే మళ్లీ తీసి, మళ్లీ ఆరేశాను.

సోమవారం భాయ్‌కి ఆ గుండ్రం సంగతి చెప్పాను, ఆయన మిగతావాళ్లకి అన్నీ చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో రెండు బల్లలు కలిపి ఎనిమిది మందిమి కూర్చున్నాం. ఉత్తరం నేనే ఇంగ్లీషులో రాశాను, పది వరసలు. సంతకాలు ఒకదాని కింద ఒకటి కాకుండా, మధ్యలో గుండ్రం, గుండ్రంలో ఉత్తరం, చుట్టూ సంతకాలకి చోటు. మా టీమ్‌లో రోజూ మలేషియా నుంచి వంతెన దాటి పనికి వచ్చే అమ్మాయి ఆ కాగితాన్ని చూసి, తర్వాత నన్ను చూసింది.

"సిస్, ముగ్గురి పేర్లు రాయాల్సింది నువ్వే కదా. నువ్వు ఇందులో ఎట్లా?"

బల్ల చుట్టూ ఎవరూ తినడం లేదు. అడిగినది న్యాయమే.

"ఆ జాబితా నేను ఇవ్వడం లేదు," అన్నాను. "ఇవ్వనని ఈ ఉత్తరంలోనే రాశాను. ఆరో వరస చూడు."

ఆమె ఆరో వరస చదివింది. ఎనిమిది మందిలో ముగ్గురిని ఎంచమని మాలో ఒకరిని అడగవద్దు అని ఉంది అక్కడ. ఆమె కాగితాన్ని పక్కవాడికి జరిపింది.

భాయ్ ఒక పని చేశాడు. ఎవరు ఎప్పుడు పెట్టారో మాకు కూడా తెలియకుండా, కాగితం ఒక ఫైలులో పెట్టి, ఒక్కొక్కరినీ పక్క బల్ల దగ్గరకి వెళ్లి పెట్టి రమ్మన్నాడు. నా వంతు వచ్చేసరికి కొన్ని కిరణాలు ఉన్నాయి, ఎన్నో లెక్కపెట్టలేదు. బ్యాంకులో రోజుకి వందసార్లు పెట్టే సంతకం, ఆ రోజు నా పేరులో ఒక అక్షరం మింగేశాను. మామూలుగా అయితే అలాంటి సంతకాన్ని నేనే తిప్పి పంపేదాన్ని.

మూడు గంటలకి మేనేజర్ బల్ల మీద ఆ కాగితం పెట్టాను. ఆవిడ చదివింది. తర్వాత కాగితాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పింది. ఇంకో చుట్టు తిప్పింది.

"ఎవరు మొదలుపెట్టారు?"

"తెలియదు." నిజంగానే తెలియదు.

"నీ మీద నమ్మకంతో చెప్పిన మాట ఇది," అంది ఆవిడ. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "నా పేరు కూడా ఎవరో రాస్తున్నారు, ఏదో ఒక జాబితాలో. అది నీకు తట్టిందా?"

నాకు తట్టలేదు. అప్పటిదాకా ఆవిడని తలుపు అవతలి మనిషిగానే చూశాను.

తర్వాత పందొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. పొద్దున్నే గేటు దగ్గర కార్డు కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. పచ్చ దీపం వెలిగితే వదిలేదాన్ని. మా అమ్మాయి వ్యాసం మాత్రం సాగుతూనే ఉంది. మళ్లీ నాతో మాట్లాడడం మొదలుపెట్టింది, కానీ పేజీలు ఇచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి నేను చదువుతుంటే చూసేది. దేశమంతా తొమ్మిది రోజులు ఆగిపోయిన సమ్మె, యుద్ధం తర్వాత అందరికీ ఉచితంగా తెరిచిన ఆసుపత్రులు, ఏడాదిపాటు సాగి ఓడిపోయిన గని కార్మికుల సమ్మె. ఆ చివరిదాని దగ్గర, గని మూతపడ్డాక ఆ ఊళ్లు ఏమయ్యాయో నాలుగు వాక్యాలు రాసి, అయిదోది కొట్టేసి ఉంది. కొట్టేసిన గీత కింద అక్షరాలు కనిపిస్తున్నాయి: వాళ్ల పిల్లలు ఏమయ్యారు?

అందులో స్పెల్లింగ్ తప్పులేమీ లేవని చెప్పి ఇచ్చేశాను.

ఇరవయ్యో రోజున మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచారు. మెయిల్ మీద కాదు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. గడువు నాలుగు నెలలు పెంచారు. ఉండే ముగ్గురికి కొత్త పని నేర్పిస్తారు. పేర్లు పైవాళ్లే తేల్చారు. భాయ్ ఉంటాడు, చేతిరాత కాగితాలు ప్రోగ్రాంకి ఇంకా కొరుకుడు పడడం లేదు కాబట్టి. మలేషియా అమ్మాయి ఉంటుంది. ఇంకో కుర్రాడు ఉంటాడు. నేను లేను.

గదిలోంచి బయటికొచ్చాక మొదట చేసింది కూడిక. మూడూ నాలుగూ ఏడు. పరీక్షలు అయిపోతాయి. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను, చాలాసేపు.

భాయ్ రెండు రోజులు నన్ను తప్పించుకు తిరిగాడు. మూడో రోజు నేనే వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"నీ జాగల నేను ఉన్నట్టుంది బెహెన్," అన్నాడు తల ఎత్తకుండా.

"నాకు కావలసిన నెలలు నాకొచ్చాయి భాయ్. పదండి, భోజనానికి."

నడిచొచ్చాడు కానీ ఆ రోజు సగం అన్నం వదిలేశాడు.

అమ్మాయి పరీక్షలు రాసింది. వ్యాసానికి మంచి మార్కులొచ్చాయి, అది అనుకున్నన్ని కాదు. ఉద్యోగం పోయాక, ముప్పై రోజుల గడువు తీరే లోపల, ఇరవై ఆరో రోజున నాకు ఒక చిన్న షిప్పింగ్ ఆఫీసులో పని దొరికింది. జీతం తక్కువ, నా పైన నాకంటే పదేళ్లు చిన్నవాడు. ఆ ఇరవై ఆరు రోజులు ఎలా గడిచాయో మా ఆయన అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సూట్‌కేసులు దించి, దుమ్ము తుడిచి, మంచం పక్కన పెట్టుకున్నాం. సర్దలేదు.

మొన్న భాయ్ ఫోన్ చేశాడు. ఒక ఓడ రశీదులో కాకినాడ పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉందట, ప్రోగ్రాం మూడు ఊళ్లనుకుంటోందట. నవ్వుకుంటూ పావుగంట మాట్లాడుకున్నాం. ఫోను పెట్టేసేసరికి కొత్త ఆఫీసు నుంచి ఒక మీటింగ్ పిలుపు వచ్చి ఉంది. విషయం ఏమిటో రాయలేదు. మా చిన్న మేనేజరు, నేను, ఇద్దరమే. అరగంటలో.

ఆ అరగంటా నేను నా బల్ల సొరుగు సర్దాను. పెన్నులన్నీ ఒక పక్కకి, కాగితాలన్నీ ఒక పక్కకి. వేళకి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన తలుపు వెయ్యడానికి లేస్తుంటే, వెయ్యొద్దని అనబోయి ఆగాను.

వచ్చే వారం నుంచి కిటికీ పక్క కుర్చీకి మారడం నాకు ఇష్టమేనా అని అడిగాడు.

ఇష్టమేనన్నాను. నోరు ఎండిపోయి ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.